చలికాలం కట్టెల మంట, సకినాల తర్వాత మిగిలిన నూనె: నిర్మల్ ఇళ్లకు ఏ సేవ అందుతోంది? ఏది అందడం లేదు?

సంక్రాంతికి ముందు వారం నిర్మల్ పల్లెల్లో రెండు పనులు ఒకేసారి సాగుతాయి. ఒకటి చలి కాచుకోవడం, రెండోది సకినాలు గోలించడం. వాకిట్లో కట్టెల పొయ్యి, దాని మీద కడాయి. సాయంత్రానికి సకినాల డబ్బాలు నిండుతాయి. కడాయిలో నల్లబడిన నూనె మిగులుతుంది. పొయ్యిలో నిప్పులు మిగులుతాయి. ఆ నిప్పులను కుంపట్లో వేసి పడుకునే గదిలోకి తీసుకుపోతారు. ఆ నూనెను సీసాలో పోసి మళ్లీ వాడతారు, లేదా మోరీలో పారబోస్తారు.

ఈ రెండింటికీ సంబంధించి ప్రభుత్వ నిబంధనలు, పథకాలు ఉన్నాయి. వాటిలో చాలా వరకు సామాన్యుడి ఇంటి దాకా రావు. గ్యాస్ రాయితీని వంటను దృష్టిలో పెట్టుకుని ఇస్తారు, చలిని కాదు. వాడిన నూనె సేకరణ పెద్ద హోటళ్లను దృష్టిలో పెట్టుకుని తెచ్చింది, ఇళ్లను కాదు. ఈ ఖాళీలో ఇంటివాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవి.

ఇక్కడ చలి ఎందుకు ఎక్కువ?

డిసెంబర్, జనవరి నెలల్లో రాష్ట్రంలో అత్యల్ప ఉష్ణోగ్రతలు నమోదయ్యేవి ఎక్కువగా ఉమ్మడి ఆదిలాబాద్ ప్రాంతంలోనే. సముద్రం చాలా దూరం. ఉత్తరం నుంచి, మధ్య భారతం మీదుగా వచ్చే పొడి గాలి ముందుగా తాకేది ఈ జిల్లాలనే. ఆకాశంలో మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. కొన్ని రాత్రులు కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోతుంది. రేకుల ఇళ్లలో, గూన పెంకుల ఇళ్లలో వేడి నిలవదు. అందుకే ఇక్కడ నిప్పు వంటకే కాదు, స్నానాల నీళ్లకు, పసిపిల్లలకు, ముసలివాళ్లకు వెచ్చదనానికి కూడా కావాలి.

గ్యాస్ ఉన్నా కట్టెల పొయ్యి ఎందుకు ఆరలేదు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మొదలైంది. 2016 మే 1న కేంద్రం ఉజ్వల యోజన ప్రారంభించింది. పేద కుటుంబాల మహిళలకు డిపాజిట్ లేకుండా కనెక్షన్ ఇచ్చారు. 2023 అక్టోబర్ నుంచి ఉజ్వల లబ్ధిదారులకు సిలిండర్‌కు రూ.300 రాయితీ ఉంది. 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఏడాదికి 9 సిలిండర్ల వరకు దీన్ని వర్తింపజేశారు.

రాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 27న మహాలక్ష్మి పథకం కింద రూ.500కే సిలిండర్ ప్రారంభించింది. ఆహార భద్రత కార్డు ఉండి ప్రజాపాలనలో దరఖాస్తు చేసుకున్నవారు అర్హులు. సిలిండర్ తీసుకునేటప్పుడు పూర్తి ధర చెల్లించాలి. రాయితీ ఆ తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఏడాదికి ఎన్ని సిలిండర్లకు రాయితీ ఇవ్వాలనేది ఆ ఇంటి గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి నిర్ణయించారు. అంటే డబ్బులు లేక కట్టెలతో నెట్టుకొచ్చిన ఇంటికి సగటు తక్కువ, కాబట్టి రాయితీ సిలిండర్లూ తక్కువ. ముందు పూర్తి ధర పెట్టలేని ఇల్లు కూడా మళ్లీ కట్టెల వైపే చూస్తుంది.

కట్టెలు ఊరికే వస్తాయన్న మాట కూడా పూర్తి నిజం కాదు. కిలో ఎండు కట్టెలో సుమారు 15 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. కిలో వంటగ్యాస్‌లో సుమారు 46. పైగా మూడు రాళ్ల పొయ్యిలో పదో వంతు నుంచి ఆరో వంతు వేడి మాత్రమే గిన్నెకు చేరుతుంది. గ్యాస్ స్టవ్ మీద సగానికి పైగా చేరుతుంది. ఈ లెక్కన 14.2 కిలోల సిలిండర్ చేసే పనికి 150 నుంచి 240 కిలోల ఎండు కట్టెలు కావాలి. అంత మోపు మోసేది ఎక్కువగా ఆడవాళ్లే.

అడవి నుంచి కట్టెలు తెచ్చుకోవచ్చా?

ఇది అడవి ఏ రకందో, తెచ్చేది దేనికో బట్టి ఉంటుంది.

రిజర్వు అడవిలో పచ్చి చెట్టు నరకడం అటవీ చట్టం ప్రకారం నేరం. నరికిన కలపతో పాటు తరలించిన బండిని కూడా స్వాధీనం చేసుకోవచ్చు. కడెం వైపు అడవులు 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం కిందికి వస్తాయి. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తులు తీయకూడదు.

మరోవైపు 2006 అటవీ హక్కుల చట్టం, అడవిపై ఆధారపడి బతికే ఊళ్లు తరతరాలుగా అనుభవిస్తున్న ఉమ్మడి హక్కులను గుర్తిస్తుంది. గిరిజనులతో పాటు, 2005 డిసెంబర్ 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవిలో నివసిస్తున్న ఇతరులకూ ఇది వర్తిస్తుంది. ఉమ్మడి హక్కు కోసం గ్రామసభ ఫారం-బి ద్వారా దరఖాస్తు చేయాలి. అది డివిజన్ స్థాయి కమిటీ దాటి, కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి చేరుతుంది. కాగితం చేతిలో ఉన్న ఊరికి, లేని ఊరికి తేడా తనిఖీ రోజున తెలుస్తుంది. వ్యక్తిగత పోడు పట్టా ఉన్నంత మాత్రాన ఊరి ఉమ్మడి హక్కు వచ్చినట్టు కాదు. ఈ రెండూ వేర్వేరు దరఖాస్తులు.

సొంత పొలం గట్టు మీది చెట్టయినా నరికే ముందు వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ఏ జాతులకు మినహాయింపు ఉందో బీట్ అధికారిని అడిగి తెలుసుకోవచ్చు. టేకుకు మాత్రం అనుమతి తప్పనిసరి. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క కూడా ఈ అడవుల నుంచే రావాలి. అది కరువైపోయి కళాకారులు ఇప్పటికే ఇబ్బంది పడుతున్నారు. పొనికిని పొయ్యిలో పెడితే మెత్తటి చెక్క కాబట్టి ఇట్టే కాలిపోతుంది, నిప్పు నిలవదు.

పత్తి కట్టె మంచిదేనా?

ఉమ్మడి జిల్లాలో అడవి జోలికి పోకుండా దొరికే వంటచెరకు పత్తి కట్టె, కంది కట్టె. పంట తీశాక చేనులోనే తగలబెట్టే బదులు పొయ్యికి వాడుకోవడం మేలే. కానీ పత్తి కట్టెను చేని పక్కన కుప్పవేసి వచ్చే ఏడాది దాకా ఉంచకూడదు. ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి, తర్వాతి పంటకు చేరుతుంది. కాయలు ఏరేసి, వానాకాలం సాగుకు ముందే కట్టెను వాడుకోవాలి.

ఏ కట్టె అయినా బాగా ఎండాలి. అప్పుడే కొట్టిన కట్టెలో దాదాపు సగం బరువు నీళ్లే. ఆ నీళ్లు ఆవిరి కావడానికే వేడి ఖర్చవుతుంది, పొగ ఎక్కువవుతుంది. చీల్చి, గాలి తగిలేలా, వాన పడకుండా పేర్చి ఎండబెట్టాలి. రెండు ముక్కలు తట్టి చూస్తే ఎండు కట్టె ఖంగుమంటుంది, పచ్చిది మొద్దుగా మోగుతుంది.

కుంపటి వల్ల ముప్పు ఏమిటి?

చలికాలంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. బొగ్గులు పొగ రాకుండా ఎర్రగా కణకణలాడుతుంటే ప్రమాదం లేదనుకుంటారు. అసలు ప్రమాదం అప్పుడే. గాలి చాలని చోట కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగతతో మొదలవుతుంది. నిద్రలో ఉన్నవారికి ఆ మగత తెలియదు, లేవలేరు.

- తలుపులు, కిటికీలు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని నిద్రపోకూడదు. పడుకునే ముందు దాన్ని బయట పెట్టాలి.
- గ్యాస్ స్టవ్ వెలిగించి గదిని వెచ్చచేసుకోకూడదు.
- గదిలో ఒకరికంటే ఎక్కువ మందికి ఒకేసారి తలనొప్పి వస్తే వెంటనే అందరూ బయటికి రావాలి. తలుపులు తెరిచి 108కు ఫోన్ చేయాలి.
- చలిమంటలో ప్లాస్టిక్, టైర్లు, రంగు వేసిన చెక్క వేయకూడదు. వీధిలో చెత్త తగలబెట్టడాన్ని ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు నిషేధించాయి.

రోజూ పీల్చే పొగ నష్టం నెమ్మదిగా తెలుస్తుంది. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వెచ్చదనం కోసమైతే మంట కంటే ముందు చూడాల్సింది రేకు సందుల్లోంచి, తలుపు కింది నుంచి వచ్చే గాలిని ఆపడం, నేల మీద చాప, బొంత వేయడం. అయితే గదిలో నిప్పు ఉన్నప్పుడు మాత్రం గాలి దారులు మూయకూడదు.

మిగిలిన నూనెను పొయ్యిలో పోయొచ్చా?

వద్దు. కట్టెలు అంటుకోవడానికి కాస్త నూనె చల్లడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. వంటనూనె త్వరగా అంటుకోదు. అంటుకున్నాక నల్లటి పొగ, కళ్లు మండించే ఘాటైన వాయువులు వస్తాయి. ఆ మసి పొయ్యి గొట్టంలో జిగురుగా పేరుకుని, ఒకరోజు గొట్టంలోనే నిప్పు అంటుకోవచ్చు. మండుతున్న నూనె మీద నీళ్లు పోస్తే అవి క్షణంలో ఆవిరై, నిప్పును మీదికి ఎగజిమ్ముతాయి. కడాయి అంటుకుంటే స్టవ్ ఆపి, మూత పెట్టి, చల్లారేదాకా కదపకూడదు.

నూనె తుడిచిన గుడ్డలను పొయ్యి దగ్గర కుప్పగా వేయకూడదు. సోయా, పొద్దుతిరుగుడు లాంటి నూనెలు గాలి తగిలి వాటంతటవే వేడెక్కుతాయి. కుప్పలో ఆ వేడి బయటికి పోక నిప్పు రాజుకోవచ్చు.

వాడిన నూనెపై చట్టం ఏం చెబుతోంది?

నూనెను మళ్లీ మళ్లీ కాచినకొద్దీ అందులో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (టీపీసీ) అనే హానికర పదార్థాలు పెరుగుతాయి. ఇవి 25 శాతం దాటిన నూనెను ఆహారానికి వాడకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) 2018 జులై 1 నుంచి అమలు చేస్తోంది. ఈ పరిమితి జాతీయ రహదారి మీది దాబాకైనా, బస్టాండ్ దగ్గరి మిర్చి బండికైనా ఒకటే.

2018 ఆగస్టులో ‘రూకో’ పేరుతో వాడిన నూనె సేకరణ కార్యక్రమం మొదలైంది. 2019 మార్చి 1 నుంచి, రోజుకు 50 లీటర్లకు పైగా నూనె వాడే వ్యాపారులు లెక్కల పుస్తకం పెట్టాలి. వాడిన నూనెను గుర్తింపు పొందిన సేకరణదారులకే ఇవ్వాలి.

చిక్కు ఇక్కడే ఉంది. బజ్జీల బండి కడాయిలో పట్టేది కొన్ని లీటర్లే. చిన్న పట్టణంలోని దుకాణాల్లో ఎక్కువ భాగం 50 లీటర్ల గీతకు కిందనే ఉంటాయి. వాటికి పుస్తకం అక్కర్లేదు, వాటి దగ్గరికి సేకరణ బండి రాదు. పెద్ద హోటల్ పారేయాల్సిన నూనెను చౌకగా కొని చిన్న బండి వాడితే, చివరికి అది కొనుక్కుని తినేవాళ్ల కడుపులోకే పోతుంది.

సేకరించిన నూనె ఏమవుతుంది?

బయోడీజిల్ అవుతుంది. వడగట్టి, తడి తీసేసిన నూనెకు మిథనాల్, కొద్దిగా క్షారం కలిపి వేడి చేస్తారు. సుమారు 100 కిలోల నూనెకు 10 కిలోల మిథనాల్ కలిపితే దాదాపు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ వస్తాయి. 2019 ఆగస్టు 10న ప్రభుత్వ చమురు సంస్థలు 100 నగరాల్లో ఈ బయోడీజిల్ కొనుగోలుకు పిలుపునిచ్చాయి. తొలి ఏడాది ధర లీటరుకు రూ.51గా ప్రకటించాయి. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలన్నది 2018 జాతీయ జీవ ఇంధన విధానం లక్ష్యం.

శుద్ధి చేయని నూనె బయోడీజిల్ కాదు. దాన్ని ట్రాక్టర్‌లో పోస్తే ఇంజెక్టర్లు పూడుకుపోతాయి. మిథనాల్ విషం, త్వరగా మండే ద్రవం. ఇంట్లో ఈ ప్రయోగం చేయకూడదు.

మరి ఇంటి నూనెను ఏం చేయాలి?

- ఒకసారి గోలించిన నూనెను చల్లార్చి, పలుచటి గుడ్డతో వడగట్టి, మూత పెట్టి ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో కూరల తాలింపుకు వాడేయాలి. మళ్లీ గోలించడానికి కాదు.
- నల్లబడినా, జిగురుగా మారినా, నురగ వచ్చినా, కొద్ది వేడికే పొగ వచ్చినా పారేయాల్సిందే.
- మోరీలో పోయకూడదు. చల్లటి రోజుల్లో నూనె గడ్డకట్టి, చెత్తను పట్టుకుని కాలువ పూడుతుంది.
- పొయ్యిలో పూర్తిగా చల్లారిన బూడిదలో ఆ నూనెను కలిపి ముద్దచేసి, కవర్లో కట్టి పంచాయతీ ట్రాక్టర్‌కు లేదా మున్సిపల్ చెత్త బండికి విడిగా ఇవ్వాలి. నిప్పు కణిక ఒక్కటి కూడా ఉండకూడదు.
- సబ్బు చేయాలనుకునే మహిళా సంఘాలు కాస్టిక్ సోడాను తూకం ప్రకారం, శిక్షణ తీసుకున్నాకే వాడాలి. అది చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది.

బజ్జీ బండ్లవాళ్లు, మెస్‌లు, ఫంక్షన్ హాళ్ల వంటవాళ్లు కలిసి ఒక డ్రమ్ములో నూనె పోగుచేస్తే సేకరణదారులు వచ్చే అవకాశం ఉంటుంది. రాష్ట్రాలవారీగా వారి జాబితా ఎఫ్ఎస్ఎస్ఏఐ వెబ్‌సైట్‌లో ఉంది. ఒక్కో బండి దగ్గర రెండు లీటర్ల కోసం ఎవరూ రారు. పాతిక బండ్ల నూనె ఒకచోట ఉంటే వస్తారు. ఈ పనికి చొరవ తీసుకోగలిగింది మున్సిపాలిటీ.

ఎవరిని అడగాలి?

- మహాలక్ష్మి రాయితీ పడకపోతే: మండలాల్లో ఎంపీడీఓ, పట్టణంలో మున్సిపల్ కార్యాలయంలోని ప్రజాపాలన కేంద్రం. ఆహార భద్రత కార్డు, గ్యాస్ కనెక్షన్ నంబర్, ఆధార్ తీసుకెళ్లాలి.
- గ్యాస్ లీకైతే: 1906
- అగ్నిప్రమాదం: 101, అంబులెన్స్: 108
- ఉమ్మడి అటవీ హక్కులు: గ్రామసభ, గిరిజన గ్రామాలకు ఉట్నూరు ఐటీడీఏ
- నల్లటి నూనెలో గోలిస్తున్నారని ఫిర్యాదు: ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్‌ఫ్రీ 1800112100, లేదా జిల్లా ఆహార భద్రత అధికారి

చలికి రాయితీ లేదు, ఇంటి నూనెకు సేకరణ బండి లేదు. గ్రామసభల్లో, వార్డు సమావేశాల్లో ఈ రెండింటినీ అడిగినప్పుడే అవి ఎవరి పనో తేలుతుంది. అప్పటిదాకా ఈ రాత్రికి చేయగలిగింది ఒకటుంది. పడుకునే ముందు కుంపటి గదిలో ఉందేమో చూసి, ఉంటే బయట పెట్టండి.