రహీం సాబు నుండి గచ్చిబౌలి వరకు: హైదరాబాదు పాసాట

2024 సెప్టెంబరు 3వ తేదీన గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణమున భారత ఫుట్‌బాల్ జట్టు మారిషస్‌తో తలపడి, ఆట ముగియువరకు ఒక్క గోలైనను చేయజాలక వెనుదిరిగినది. ఆరు దినముల పిమ్మట అదే గడ్డపై సిరియా చేతిలో 3-0 తో ఓడినది. ఆ జట్టుకు అప్పుడే శిక్షకుడుగా నియుక్తుడైన స్పెయిన్ దేశీయుడు మనోలో మార్కెజ్‌కు ఆ మైదానము క్రొత్తది కాదు. 2022-23 లో ఆయన శిక్షణలోని హైదరాబాద్ ఎఫ్‌సి జట్టు అచ్చటనే చక్కని పాసులతో ఆడి, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) పట్టికలో రెండవ స్థానము నందుకొనియుండెను. గురువొకడే, మైదానమొకటే; అయినను ఒక జట్టు పాదముల నడుమ బంతి తడబాటు లేక సాగుటకును, మరియొక జట్టు నడుమ అడుగడుగున నిలిచిపోవుటకును కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకవలెనన్న హైటెక్ సిటీ పుట్టుటకు అర్ధశతాబ్ది పూర్వపు హైదరాబాదునకు పోవలసియున్నది.

ఆ నాటి ఆటతీరు వేరు. ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫులు, ఐదుగురు ఫార్వర్డులు అను కూర్పులో ఆడుచు, బంతి చిక్కినవాడు దానిని తన సొత్తుగా భావించి, ఇద్దరిని ముగ్గురిని డ్రిబ్లింగుతో తప్పించి ప్రేక్షకుల చప్పట్లు పొందుటయే ఘనతయని తలచుచుండెడివారు. ఈ అలవాటుపై తిరుగుబాటు చేసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పంతులుగా పనిచేసి, తరువాత హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, 1950 నుండి మరణపర్యంతము నగర పోలీసు జట్టుకు శిక్షణ నిచ్చిన ఆయనను ఆటగాండ్రందరు రహీం సాబు అనియే పిలిచెడివారు. ఆయన వృత్తిరీత్యా పంతులు. ఆయన విజయములకు మూలమిదియే యని నా దృఢ విశ్వాసము.

ఏలయన, ఆయన పాసును వరప్రసాదముగా నెంచక, పలక మీద అక్షరమువలె దిద్దించవలసిన విద్యగా నెంచెను. స్థానికముగా ఆయన నడిపించిన పోటీలలో ఒకదాని నియమము డ్రిబ్లింగు నిషేధము. బంతి కాలికి తగిలినంతనే ఇంకొకరికి అందించవలెను. మరియొక పోటీలో వాటమైన కాలితో ఆడరాదు. ఎడమకాలి వాడు కుడితోను, కుడికాలి వాడు ఎడమతోను మాత్రమే తన్నవలెను. ఈ నియమములు పైకి విచిత్రముగా తోచినను వానిలోని తర్కము మిక్కిలి లోతైనది. ఒకే తాకుతో బంతి నందించవలసినవాడు బంతి తనను చేరకమునుపే తల యెత్తి, తన వారెక్కడ, ఎదుటివారెక్కడ అని చూచుకొని తీరవలెను. అంతకంటె ముఖ్యముగా, బంతి లేని తక్కిన వారందరు కదలుచుండవలెను. నిలుచున్నవానికి అందించు పాసును ఎవడైనను అడ్డగించగలడు గదా! ఇక బలహీనపు కాలి సాధన వలన ఆటగాడు బంతిని వాటమైన కాలికి మరల్చుకొనుటకు పట్టు క్షణకాలము మిగులును. ఆ క్షణములోనే ప్రత్యర్థి బ్యాకు దారి మూయును. దాడి కుంటుపడుట యనగా తరచు ఈ క్షణమును పోగొట్టుకొనుటయే తప్ప వేరు కాదు.

ఫలితమును దేశమంతయు చూచినది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసులదే. ఆ ఆటగాండ్రు పోలీసు శాఖలో కొలువు చేయుచు, ఏండ్ల తరబడి ఒకే చోట, ఒకే గురువు కనుసన్నలలో, ప్రతిదినము కలిసి సాధన చేసినవారు. ఎవడు ఏ అడుగు వేసిన ఏ వైపునకు పరుగిడునో సాటివానికి చూడకయే తెలిసెడిది.

అట్లని రహీం సాబు మార్గము పూలబాట కాలేదు. 1951 లో ఢిల్లీ ఆసియా క్రీడలలో భారత జట్టుకు స్వర్ణము గెలిపించిన ఆయనయే మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 పరాభవమును చవిచూచెను. మనవారిలో పెక్కుమంది నాడు వట్టికాళ్ళతో ఆడిరి. తడిసిన చలినేలపై నిలుచు కాలు జారుచుండగా పాసునకు గురి యెట్లు కుదురును? స్వదేశమున 70 నిమిషముల ఆటకే అలవడిన దేహములు తక్కిన 20 నిమిషములు ఎట్లు తాళును? ఆ ఓటమి పిదప బూట్లు అనివార్యములైనవి. నాలుగేండ్లకు, 1956 లో మెల్బోర్న్ ఒలింపిక్సులో, ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించి భారతదేశము సెమీఫైనలు చేరి, నాలుగవ స్థానమున నిలిచినది. ఆ జట్టులో హైదరాబాదు బిడ్డలు పలువురు గలరు. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వారిలో అగ్రగణ్యుడు. 1962 లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాపై 2-1 తో స్వర్ణము గెలుచునాటికి రహీం సాబు దేహమును కాన్సరు కబళించుచుండెను. 1963 జూన్‌లో ఆయన కన్నుమూసెను.

ఆయనతో పాటు ఆ ఆటయు ఏల క్షీణించినది? ప్రతిభ కొరవడి కాదు. 1957 లోనే బలరాం కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు తరలిపోయెను; 1966 లో హైదరాబాదు ఆటగాండ్రే యైన హబీబు, నయీముద్దీనులును అదే త్రోవ పట్టిరి. నయీముద్దీను నాయకత్వమున భారత జట్టు 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచెను. హబీబు 1977 లో మోహన్ బగాన్ పక్షమున పేలే ఆడిన కాస్మాస్ జట్టుపై గోలు చేసెను. వీరి కీర్తిని తలచి గర్వించుచునే నేను మరియొక మాట చెప్పవలసియున్నది: ప్రతిభావంతుడు ఒక్కడు వెళ్ళిన ఒక్క ఆటగాడే తగ్గడు, వానితో ముడిపడిన పది జతల అవగాహనయు తెగిపోవును.

ఇక గచ్చిబౌలి కథ. 2002 జాతీయ క్రీడల నిమిత్తము నిర్మితమై, ఆ యేడే దుర్మరణము పాలైన లోక్‌సభ స్పీకరు బాలయోగి పేరు దాల్చిన ఆ ప్రాంగణమునకు 2019 లో హైదరాబాద్ ఎఫ్‌సి వచ్చి చేరినది. తొలి సీజనున 18 ఆటలలో 2 మాత్రమే గెలిచి పట్టిక అడుగున పడినది. 2020 లో మార్కెజ్ చేరినాడు. ఆ యేడు జట్టు 5వ స్థానమునకు ఎగబ్రాకినది. ఆ మరుసటి సీజనున, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌పై 1-1 తో సమమై, పెనాల్టీలలో 3-1 తో గెలిచి విజేతయైనది. ఆ సీజనున ఆ జట్టు ఫార్వర్డు ఒగ్బెచె 18 గోలులు చేసినాడు. కరోనా కారణమున ఆ రెండు సీజనులు జట్టంతయు గోవాలోనే నెలల తరబడి ఒకేచోట మసలినది. పోలీసు జట్టుకు కొలువు సమకూర్చిన సహవాసమునే వీరికి ఆ విపత్తు సమకూర్చినదని నా అభిప్రాయము. జాతీయ జట్టుకు ఆ అవకాశమెక్కడిది? వేర్వేరు క్లబ్బుల నుండి వచ్చి, కొలది దినములు కలిసి సాధన చేసి బరిలో దిగువారు మారిషస్‌పై తడబడుటలో ఆశ్చర్యము లేదు.

కొండాపూర్, నానక్‌రాంగూడ ప్రాంతములలో గంట అద్దెకు దొరకు టర్ఫు మైదానములందు రాత్రివేళ సాఫ్ట్‌వేరు ఉద్యోగులు ఆడుచుండగా గమనించినచో ఇదే తత్త్వము కంటికి కట్టును. అప్పుడే పరిచయమైన ఐదుగురు చేరిన జట్టులో బంతి ఎల్లప్పుడు పరుగిడువాని మడమ వెనుకనే పడును. వాడు ఆగి, వెనుదిరిగి, బంతిని అందుకొనులోపల దారి మూసికొనిపోవును. వారాంతము తరువాత వారాంతము ఆ ఐదుగురే కలిసి ఆడిన యెడల, కొన్ని నెలలకు అదే బంతి పాదమునకు రెండడుగుల ముందు, పరుగు తగ్గింప నక్కరలేని చోట వచ్చి పడును. ఎవరి కాలును అధికముగా బలపడలేదు. ఒకరి పరుగు ఒకరికి తెలిసినది, అంతే.

ఆర్థిక కష్టములలో మునిగిన హైదరాబాద్ ఎఫ్‌సి 2025 లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. కోట్లు వెచ్చించి మరియొక క్లబ్బును రప్పించుటకు పూర్వము శేరిలింగంపల్లి బడిపిల్లలకు ఆ టర్ఫులపైననే డ్రిబ్లింగు లేని పోటీ ఒకటి, వాటము కాని కాలి పోటీ ఒకటి ఏటేట జరిపించవలెనని నా విన్నపము. వానికి కావలసినది ఒక బంతి, ఒక ఈల, ఏడాది తరువాత ఏడాది అదే పిల్లలను విడువక పట్టియుంచు ఒక పంతులు.