జ్ఞా చేయని నేరం

2018 ఫిబ్రవరి మధ్యలో కొన్ని రోజులపాటు ప్రపంచ పత్రికలు తెలుగు గురించి రాశాయి. సినిమా గురించి కాదు, ఎన్నికల గురించీ కాదు, ఒకే ఒక్క అక్షరం గురించి. ఐఫోన్‌కు వచ్చిన మెసేజిలో "జ్ఞా" ఉంటే ఆ యాప్ టక్కున మూతపడుతుందని, మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూతపడుతుందని, అదే అక్షరం నోటిఫికేషన్‌గా తెరమీదకి వస్తే ఏకంగా ఫోనే మొరాయిస్తుందని వార్త. మన భాషను ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అన్నారని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం కదా, ఈ సంగతిని మొదట బయటపెట్టినవాటిలో ఒకటి మొబైల్ వరల్డ్ అనే ఇటాలియన్ వెబ్‌సైటే!

వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్, ఔట్‌లుక్, ఐఫోన్‌లో ముందే ఉండే మెసేజెస్ యాప్ అన్నీ దీని ముందు తలవంచాయి. ట్విట్టర్‌లో కొందరు ఆకతాయిలు తమ పేరులోనే ఆ అక్షరాన్ని తగిలించుకున్నారు, చూసినవాళ్ళ ఫోను పడిపోవాలని. పత్రికల శీర్షికలు మాత్రం దాదాపు ఒకటే: తెలుగు అక్షరం ఐఫోన్‌ను కూల్చేస్తోంది. మన గ్రూపుల్లోనూ "కొన్నాళ్ళు తెలుగులో ఏమీ పంపకండి" అని హెచ్చరికలు తిరిగాయి. ఆ శీర్షిక తప్పు. ఇన్నేళ్ళ తరువాత వెతికినా అదే ముందు కనిపిస్తుంది కాబట్టి, అసలు జరిగిందేమిటో తెలుగులో ఒకచోట రాసి ఉంచడం మంచిదనిపించింది.

ఒక్కసారి ఆలోచించండి. జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం, ఆజ్ఞాపించడం... ఈ మాటలు లేకుండా మనకు రోజు గడుస్తుందా? లక్షలమంది రోజూ రాసే అక్షరం ఫోన్లను కూలుస్తుంటే అది ఎవరో విదేశీయులు కనిపెట్టేదాకా మనకు తెలియకుండా ఉంటుందా? మనం మామూలుగా రాసే "జ్ఞా"తో ఏ ఫోనూ పడలేదు. అందులో నాలుగే సంకేతాలుంటాయి: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఫోన్లను పడగొట్టినదానిలో ఐదున్నాయి. ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఐదోది ఒకటి దూరింది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, పని మాత్రం ఉంది: పక్కపక్కనున్న రెండు అక్షరాలు కలిసిపోకుండా అడ్డు నిలబడడం.

ఈ అదృశ్య సంకేతం తెలుగుకు పరాయిదేమీ కాదు. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు ట్ తరువాత అది లేకపోతే వే కాస్తా ట కింద వత్తుగా చేరి "సాఫ్ట్వేర్" అయి కూర్చుంటుంది. ఈ వ్యాసంలోనే అలాంటివి పదుల సంఖ్యలో ఉన్నాయి, పాఠకులకు కనబడవంతే. మన పాత మాటలకు దీని అవసరం తక్కువ. ఇంగ్లీషు మాటలను హల్లుతో ముగించి మరో మాటను తగిలించడం మొదలుపెట్టాక మనకు దీనితో పని పెరిగింది. అయితే ఞకీ దీర్ఘానికీ మధ్య దీనికి పనేమీ లేదు. మామూలుగా ఎవరూ అక్కడ పెట్టరు.

మరి పెడితే ఏమవుతుంది? రాసే వరుసలో దీర్ఘం ఞ తరువాత వస్తుంది. తెరమీద మాత్రం ఆ దీర్ఘం వెళ్ళి జకు అంటుకోవాలి, ఞ వత్తుగా కిందికి దిగాలి. బడిలో మనం ఏ ఆలోచనా లేకుండా చేసిన ఈ పనిని కంప్యూటర్ లెక్క ప్రకారం చేస్తుంది: ఏది ముందుకు జరగాలి, ఏది వెనక్కి వెళ్ళాలి, ఏది దేనికి అతకాలి అని. నడుమ ఎవరూ ఊహించని సంకేతం కనబడేసరికి ఆ లెక్క తప్పింది. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దీన్ని సరిచేసింది. వాచీలకు, మ్యాక్‌లకు, ఆపిల్ టీవీకి కూడా అదే సవరణ వచ్చింది. అక్షరాలను తెరమీద పేర్చే కోర్‌టెక్స్ట్ అనే భాగంలో మెమరీ చెడిపోయే లోపమని, లోపలికి వచ్చేదాన్ని తనిఖీ చేసే పద్ధతిని మెరుగుపరిచామని వాళ్ళ భద్రతా ప్రకటన సారాంశం. అందులో తెలుగును ఎవరూ నిందించలేదు. నింద పత్రికల పని.

అప్పట్లో మోజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజనీరు ఓపిగ్గా కలయికలన్నీ పరీక్షించి అదే నెలలో ఒక వ్యాసం రాశారు. ఆయన తేల్చినదాని ప్రకారం జ్ఞాకు ఏ ప్రత్యేకతా లేదు. తెలుగులో ఏ వత్తు తరువాతైనా ఆ కనిపించని సంకేతం, దాని తరువాత గుణింతపు గుర్తు వస్తే ఫోను పడిపోతుంది. దేవనాగరిలో ర తోనూ, బెంగాలీలో ర, య లతోనూ ఇలాగే జరిగింది. ఐత్వానికి మాత్రం మినహాయింపు. దానికి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క ఉంటాయి కదా, అందువల్ల అది వేరే దారిన పోయి బతికిపోయింది. ఇంకా ముచ్చటైన సంగతి, కన్నడకు ఏమీ కాలేదు! వత్తులు, గుణింతాలు దాదాపు ఒకే తీరున నడిచే అన్నదమ్ముల లిపులు రెండింటిలో ఒకటి పడి మరొకటి నిలబడిందంటే, లోపం లిపిలో లేదనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

తెలుగుకు కంప్యూటర్‌తో ఇలాంటి చిక్కులు కొత్తవి కావు. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే మనకు స్థానం దొరికింది, 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు. కానీ కాగితం మీద స్థానం వేరు, తెరమీద కనబడడం వేరు. తొంభైలలోనూ రెండువేల తొలి ఏళ్ళలోనూ మన దినపత్రికల వెబ్‌సైట్లు దేని ఫాంటు దానిదే అన్నట్టుండేవి. ఇంగ్లీషు అక్షరాల గూళ్ళలో తెలుగు ముక్కలను కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు దించుకోకపోతే ఊరి వార్తల బదులు పిచ్చి గీతలు కనబడేవి. అందుకే నాగార్జున వెన్న గారు ఫైర్‌ఫాక్స్ కోసం చేసిన "పద్మ" అప్పట్లో అంత ఆదరణ పొందింది. ఒక్కో పత్రిక సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటు తెచ్చింది కానీ, దాన్ని సరిగ్గా చూడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఒక గడిలో టిక్కు పెట్టి సీడీ వేయాలి. ఆ గడి సంక్లిష్ట లిపులకూ, కుడి నుంచి ఎడమకు రాసే భాషలకూ కలిపి ఒకటే. అంటే తెలుగువాడు, అరబ్బు ఒకే గడిలో టిక్కు పెట్టి వరుసలో నిలబడేవాళ్ళు.

ఫోన్లు వచ్చాక ఈ కథ మళ్ళీ మొదటికొచ్చింది. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చేదాకా చాలా ఫోన్లలో తెలుగంటే వరుసగా ఖాళీ డబ్బాలే. తెలిసినవాళ్ళు ఒపేరా మినీ పెట్టుకుని, అడ్రసు గడిలో ఒపేరా కాన్ఫిగ్ అని కొట్టి, సంక్లిష్ట లిపులకు బొమ్మ ఫాంట్లు వాడమని చెప్పేవారు. అప్పుడు తెలుగు అక్షరం అక్షరంగా కాక బొమ్మగా మారి వచ్చేది. ఎస్సెమ్మెస్ సంగతి మరీ అన్యాయం. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే చోట తెలుగుకు 70 సంకేతాలే. "స్త్రీ" ఒక్కటే ఆరు తినేస్తుంది.

ఇలాంటి పొరపాట్లు ఇప్పటికీ వెబ్‌సైట్లలో, యాప్‌లలో దొరుకుతూనే ఉంటాయి. పేరు కోసం 20 బైట్లు కేటాయించిన ప్రోగ్రామరు ఇరవై అక్షరాలు ఇచ్చాననుకుంటాడు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. చంద్రయ్య గారికి 24 కావాలి. ఇరవై దగ్గర కత్తిరిస్తే ఆయన "చంద్రయ" అయిపోయి, పక్కన ప్రశ్నార్థకం ఉన్న నల్లటి డైమండ్ ఒకటి మిగులుతుంది. డేటాబేసులో ఆ గడి యూనికోడ్‌కు సిద్ధంగా లేకపోతే ఆ పేరు కూడా ఉండదు, వరుసగా ప్రశ్నార్థకాలే. వెతుకులాటలోనూ అంతే. కనిపించని సంకేతంతో రాసిన "సాఫ్ట్‌వేర్" కోసం, అది లేకుండా రాసినవాడు వెతికితే చాలాచోట్ల దొరకదు. పరీక్షించే గదిలో తెలుగు చదవగలిగినవాడు ఒక్కడుంటే వీటిలో చాలావరకు అక్కడే దొరికిపోతాయి. దేశదేశాల సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంతమంది తెలుగువాళ్ళం ఉండి కూడా ఆ గదిలో తెలుగు అక్షరం టైపు చేసి చూసేవాళ్ళు అరుదు. ఇంగ్లీషులో "టెస్ట్" అని కొట్టి, పాసయిందని రాసి, ఇంటికి వెళ్తాం.

దీని ప్రభావం ఎక్కడ కనబడుతుందో చెప్పాలంటే సజ్జా గురించి చెప్పాలి. షార్జా నగరం దాటి ఎడారి వైపు వెళ్తే వస్తుంది. 1980లో గ్యాస్ బయటపడిన చోటు. ఇప్పుడు ఫ్యాక్టరీలు, గ్యారేజీలు, కార్మికుల క్యాంపులు. గల్ఫ్‌లోని క్యాంపుల్లో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎందరో. తెలుగు చక్కగా చదవగలిగిన మనిషి కూడా ఇంటికి మెసేజి పంపాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతాడు, లేదా ఫోను నోటి దగ్గర పెట్టుకుని వాయిస్ పంపుతాడు. తెలుగు కీబోర్డు ఉందంటే "అవతల కనిపిస్తదా అన్నా?" అని అడుగుతారు. ఖాళీ డబ్బాల కాలంలో పడ్డ అనుమానం అది. డబ్బాలు పోయాయి, అనుమానం పోలేదు. జ్ఞా వార్త వచ్చినప్పుడు ఐఫోన్ లేనివాళ్ళకు కూడా ఆ అనుమానం మరికాస్త గట్టిపడింది.

సజ్జాలో తెలుగు పక్కనే అరబ్బీ ఉంటుంది కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. తెలుగు కన్నా ముందు ఈ నింద మోసింది అరబ్బీ. 2013 ఆగస్టులో కొన్ని అరబ్బీ అక్షరాల వరుస ఐఓఎస్ 6నూ, మ్యాక్‌లనూ పడగొట్టింది. అప్పుడు కూడా దొరికింది కోర్‌టెక్స్టే. 2015 మే నెలలో ఇంగ్లీషు, అరబ్బీ, దేవనాగరి, చైనీస్ కలగలిపిన ఒక మెసేజి వస్తే ఐఫోన్ ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది. నోటిఫికేషన్‌లో చోటు చాలక ఆ వాక్యాన్ని మధ్యలో కత్తిరించడంలో వచ్చింది ఆ తంటా, అంటే మన చంద్రయ్య గారి కథకు చుట్టమే. ఆ ఏడాది జూన్ 30న ఐఓఎస్ 8.4తో అది పోయింది. తరువాత 2018లో తెలుగు వంతు. 2020 ఏప్రిల్‌లో సింధీ వంతు వచ్చింది: ఇటలీ జెండా బొమ్మ, దానితో కొన్ని సింధీ అక్షరాలు కలిస్తే ఐఓఎస్ 13.4.1 ఉన్న ఫోన్లు స్తంభించిపోయాయి. మే నెలలో ఐఓఎస్ 13.5 వచ్చి సర్దింది. ఈసారి శీర్షికల్లో సింధీని సింధీ అని రాసినవాళ్ళు కొందరు, ఇటలీ జెండా అని రాసినవాళ్ళు కొందరు.