దినోత్సవాలు, విరాళాలు: గోదావరి డెల్టాలో సేవాసంస్థల చరిత్ర

జాతీయ పర్వదినాలు, జయంతులు, వర్ధంతులు వచ్చినప్పుడు ఆ రోజు పేరు మీద సేవాసంస్థలను జనానికి పరిచయం చేసి విరాళం అడగడం ఇవాళ దేశమంతటా ఉన్న అలవాటు. గోదావరి డెల్టాలో ఈ అలవాటు ప్రభుత్వ క్యాలెండరు కంటే పాతది. తిథిని చూసి దానం చేయడం ఇక్కడి ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో రాజమహేంద్రవరం, ధవళేశ్వరం పరిసరాల్లో సంఘాలు పెట్టి పనిచేసే పద్ధతి దానికి తోడైంది. స్వాతంత్ర్యం తర్వాత జెండా దినాలు, సీళ్లు, టికెట్లు వచ్చి చేరాయి.

సంక్రాంతికి కొత్త ధాన్యం ఇంటికి రాగానే హరిదాసు పాత్రలో గుప్పెడు బియ్యం పడతాయి. కార్తీకంలో దీపదానాలు, అన్నదానాలు సరేసరి. పన్నెండేళ్లకోసారి బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరాలు వస్తాయి. ఆ పన్నెండు రోజులూ రేవుల్లో స్నానం ఎంత ముఖ్యమో దానమూ అంతే ముఖ్యం. ఈ దానాల్లో చాలావరకు ఇచ్చే చేతికి, పుచ్చుకునే చేతికి మధ్య సంస్థ అనేది ఉండేది కాదు.

డొక్కా సీతమ్మ (1841–1909) ఈ పాత పద్ధతిలోనే పుట్టి, దాన్ని ఏడాది పొడుగునా సాగించిన మనిషి. మండపేటలో పుట్టి, డొక్కా జోగన్నను పెళ్లాడి లంకల గన్నవరం వచ్చారు. కోనసీమలో కాలవలు, గోదావరి పాయలు దాటుకుంటూ పోయే బాటసారులకు ఆమె ఇల్లే సత్రం. వేళకాని వేళ వచ్చినా వండి పెట్టేవారు. ఆమె గురించి కోనసీమలో ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. అంతర్వేది తీర్థానికి పల్లకిలో బయలుదేరిన సీతమ్మకు దారిలో ఆకలితో ఏడుస్తున్న పిల్లలు, గన్నవరం చేరితే సీతమ్మ గారు అన్నం పెడతారని వాళ్లను ఊరుకోబెడుతున్న పెద్దలు ఎదురయ్యారట. ఆమె పల్లకి వెనక్కి తిప్పించి, వాళ్ల కంటే ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారట. పండుగ రోజు పుణ్యం కంటే ఆ పూట ఆకలి పెద్దదని డెల్టా జనం ఎంత గట్టిగా నమ్మారో, తరాలు దాటి వచ్చిన ఈ ముచ్చటే చెబుతుంది. వైనతేయ పాయ మీద గన్నవరం దగ్గర కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. ఆ వంటింటికి మాత్రం నిధీ లేదు, కమిటీ లేదు. వచ్చిందంతా డొక్కా వారి పొలం నుంచే.

నిధి, కమిటీ, నియమావళి అనే మాటలు ఈ ప్రాంతానికి బాగా అలవాటు చేసింది కందుకూరి వీరేశలింగం పంతులు (1848–1919). అందులో ధవళేశ్వరానికి ముఖ్యమైన చోటుంది. ఇక్కడి పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేస్తూ 1874లో ఆయన ఇక్కడే బాలికల పాఠశాల తెరిచారు. ‘వివేకవర్ధని’ పత్రిక మొదలైందీ ఆ ఏడాదే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం అందరికీ తెలిసిందే. కానీ పెళ్లి ఒక రోజుది. ఆ తర్వాత ఆ దంపతులకు నీడ, బతుకుతెరువు, వెలి వేసిన ఊళ్లో తోడు ఎవరిస్తారు? ఇంటి నుంచి వెళ్లగొట్టిన వితంతువు ఎక్కడుంటుంది? ఈ ప్రశ్నలకు జవాబుగానే శరణాలయాలు, బడులు, చివరికి 1906లో హితకారిణీ సమాజం వచ్చాయి. పంతులు గారు, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు కలిసి బతికిన బతుకంతా ఈ సంస్థల చుట్టూనే తిరిగింది. తన ఆస్తిని ఆయన హితకారిణీ సమాజానికి రాసిచ్చారు.

డెల్టా దాతృత్వ చరిత్రలో ఇది పెద్ద మలుపు. దాత పోయాక కూడా దానం ఆగకుండా చూసే ఏర్పాటు అది. రాజమహేంద్రవరంలో వీరేశలింగ ఆస్తిక కళాశాల, రాజ్యలక్ష్మి మహిళా కళాశాల ఆ వారసత్వంలోవే. ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి జయంతి నాడు, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుగుతుంది. ఆయన విగ్రహానికి దండలు పడతాయి, నాటక కళాకారులకు పురస్కారాలు అందుతాయి. ఆయన పెట్టిన విద్యాసంస్థల మంచిచెడ్డలు కూడా ఆ రోజు వేదిక మీద వినిపించాలి. పంతులు గారికి నాటకం సంస్కరణకు సాధనమే గదా.

విరాళానికి తేదీ, లక్ష్యం పెట్టి ఊరూరా వసూలు చేయడం జాతీయోద్యమం నేర్పింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి జూన్ 30లోగా కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. గాంధీ అటునుంచి గోదావరి జిల్లాలకు వచ్చారు. కాకినాడలో దేవదాసీలు, ముస్లిం మహిళలు ఆయన మాట వినాలని పన్నెండేళ్లైనా నిండని అమ్మాయి పట్టుబట్టింది. ఐదు వేల రూపాయల నిధి ఇస్తేనే కొద్ది నిమిషాలు కేటాయిస్తామని నిర్వాహకులన్నారు. దేవదాసీ స్త్రీలే ఆ డబ్బు సమకూర్చారు. ఆ సభలో ఒంటిమీది నగలు తీసి ఇచ్చినవారూ ఉన్నారు. ఆ అమ్మాయే రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది ఆమే. సమాజం దూరం పెట్టిన స్త్రీలు దేశం కోసం దాతలుగా ముందుకు వచ్చిన ఆ ఘట్టానికి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద చోటు దక్కాలి. ఏప్రిల్ 6 నుంచి 13 దాకా జాతీయ వారంగా జరుపుకుంటూ ఖద్దరు అమ్మడం, నిధులు పోగుచేయడం కూడా ఆ కాలపు ఆచారమే.

స్వాతంత్ర్యం తర్వాత ప్రత్యేక దినాలు వరస కట్టాయి. 1949 నుంచి డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండాలు ఇచ్చి పోగుచేసిన డబ్బు అమరుల కుటుంబాలకు, గాయపడిన సైనికులకు, మాజీ సైనికుల సంక్షేమానికి వెళ్తుంది. తరతరాలుగా సైన్యంలోకి బిడ్డల్ని పంపుతూ మిలటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న ఊరు తాడేపల్లిగూడెం దగ్గరే ఉంది కాబట్టి, ఈ జిల్లాల్లో ఆ జెండా దూరపు సంగతి కాదు. 1962లో సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవమైంది. ఉపాధ్యాయుల సంక్షేమానికి జాతీయ నిధి ఏర్పడిందీ ఆ ఏడాదే. క్షయ నివారణ సీళ్ల ప్రచారం అక్టోబరు 2న మొదలవుతుంది. దాని మూలం డెన్మార్క్‌లో ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఐనార్ హోల్బోల్ అనే తపాలా ఉద్యోగికి క్రిస్మస్ ఉత్తరాల మీద అంటించే బిళ్ల అమ్మి పిల్లల వైద్యానికి డబ్బు కూడబెట్టాలన్న ఆలోచన వచ్చింది. గాంధీ వర్ధంతి జనవరి 30న మన దేశంలో కుష్ఠు నివారణ దినం జరుగుతుంది. నరసాపురం, రామచంద్రపురం లాంటి చోట్ల కుష్ఠు రోగులను కనిపెట్టుకుని చూసిన మిషన్ ఆసుపత్రుల సేవ తెలిసినవారికి ఆ రోజు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

అభిమాన సంఘాల రక్తదానం డెల్టాకు ఇష్టమైన కొత్త సంప్రదాయం. మొగల్తూరులో పుట్టిన నటుడు చిరంజీవి 1998 అక్టోబరు 2న ధార్మిక ట్రస్టు పెట్టి రక్తనిధి, నేత్రనిధి నడిపించారు. ఆగస్టు 22న ఆయన పుట్టినరోజుకు ఊరూరా శిబిరాలు పెడతారు. కేకుతో ముగిసే వేడుకను ఆసుపత్రి మంచం దాకా తీసుకెళ్లిన కుర్రవాళ్లను మెచ్చుకోవాల్సిందే. అయితే దానం చేసిన రక్తకణాలు కొద్ది వారాలే నిల్వ ఉంటాయి. అందుకే అందరూ ఒకే రోజు ఇవ్వడం కంటే నెలనెలా కొందరు చొప్పున ఇస్తే రక్తనిధికి మేలు.

ధవళేశ్వరానికి సొంత దినోత్సవం మే 15. ఆనాడు సర్ ఆర్థర్ కాటన్ (1803–1899) జయంతి. నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు నుంచి తేరుకోని నేలకు 1847–52 మధ్య ఆనకట్ట కట్టిన ఇంజనీరుకు రైతులు దండలు వేసి మొక్కుతారు. ఆయన పేరుతో ఊళ్లో మ్యూజియం ఉంది. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీదీ ఆయన పేరే. ఈ కృతజ్ఞత నిజమైనది. దానికి ఇంకో అడుగు జోడిస్తే బాగుంటుంది. మే 15 దాటిన రెండు నెలలకు గోదావరికి వరద కాలం వస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టు 16న, పంద్రాగస్టు మర్నాడే, ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చి లంకలను ముంచేసింది. 2022 జులైలో మళ్లీ 25 లక్షలు దాటింది. వరద ఉన్నన్నాళ్లూ పులిహోర పొట్లాలు, మంచినీళ్లు పడవల మీద బాగానే వస్తాయి. నీరు తీశాక కావలసినవి వేరు: పశువులకు మేత, బురద పట్టిన బావుల శుభ్రత, పిల్లలకు పుస్తకాలు, కౌలురైతుకు మళ్లీ నారు. అప్పటికి వార్తలు ఆగిపోతాయి, విరాళాలూ తగ్గుతాయి. లంకల్లో పనిచేసే సంఘాలను కాటన్ జయంతి సభలో రైతులకు పరిచయం చేస్తే ఈ లోటు కొంతైనా తీరుతుంది.

ఇటీవలి కాలంలో దానానికే ప్రత్యేక తేదీలు వచ్చాయి. 2009లో మొదలైన దాన్ ఉత్సవ్ ఇప్పుడు అక్టోబరు 2–8 మధ్య జరుగుతోంది. సెప్టెంబరు 5ను అంతర్జాతీయ దాతృత్వ దినంగా ఐక్యరాజ్యసమితి 2012లో ప్రకటించింది. ఆ రోజు మదర్ థెరిసా వర్ధంతి. ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడానికి దాతకు చట్టం కొన్ని ఆనవాళ్లు ఇచ్చింది: సంస్థకు రిజిస్ట్రేషన్ ఉందా, ఆదాయపు పన్ను చట్టం కింద దాతకు మినహాయింపు ఇచ్చే గుర్తింపు ఉందా, లెక్కలు ఆడిట్ అవుతున్నాయా. పాత పన్ను విధానంలో ఉన్నవారికే ఆ మినహాయింపు. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి అది వర్తించదు. కాగితాలతో పాటు కంటితో చూడటమూ అవసరం. పండుగ కాని మామూలు మంగళవారం నాడు ఆ సంస్థ నడిపే ఆశ్రమానికి వెళ్లి, వంటగదిలో ఏం ఉడుకుతుందో, పిల్లలు బడికి వెళ్లారో లేదో చూస్తే ఫొటోల్లో కనిపించనిది తెలుస్తుంది.

గోదావరికి మళ్లీ పుష్కరాలు 2027లో. 2015 జులై 14న, పుష్కరాల తొలి ఉదయం, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది ప్రాణాలు పోయాయి. అన్నం, మజ్జిగ పంచడానికి ముందుకొచ్చే సంఘాలకు ఈ నేల మీద ఎన్నడూ కొదవ లేదు. కానీ రద్దీని అదుపు చేయడం, ప్రథమ చికిత్స, తప్పిపోయిన పిల్లలను కన్నవారి దగ్గరకు చేర్చడం, ముసలివాళ్లను మెట్లు దింపి ఎక్కించడం తెలిసిన స్వచ్ఛంద సేవకులు కావాలి. వాళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థలకు డబ్బు పుష్కరాలు మొదలయ్యాక కాదు, కనీసం ఏడాది ముందే అందాలి.