క్షతము, లేఖ్యము, సాక్షి: నల్లగొండ సీమ పోరాటమున గాయపడినవారి గుర్తింపు

మేళ్లచెరువు కృష్ణానదికి ఉత్తరమున అనతిదూరములో నున్న గ్రామము. నైజాము రాజ్యకాలమున నిది నల్లగొండ జిల్లా హుజూర్‌నగరు తాలూకాలోనిది. 2016 నుండి సూర్యాపేట జిల్లాకు చెందినది. స్వయంభూ శంభులింగేశ్వరస్వామి యాలయమును, మహాశివరాత్రి జాతరయు నీ గ్రామమునకు ప్రసిద్ధిని దెచ్చినవి. నదికావల పలనాడు, తూర్పున కృష్ణా జిల్లా. 1947 ఆగస్టు వరకు ఆ రెండును ఆంగ్ల ప్రభుత్వముక్రిందను, పిమ్మట భారత యూనియనులోను ఉండగా, ఈ గ్రామము 1948 సెప్టెంబరు వరకు నిజాము పాలనములోనే యుండెను. మునగాల పరగణా నైజాము భూమిచే చుట్టబడియు కృష్ణా జిల్లాలో చేరియుండుటచే నీ సరిహద్దు మరింత చిక్కుపడినది. ఇట్టి సీమలో నాయుధముపట్టి గాయపడి బ్రతికినవారు చిరకాలమునకు ప్రభుత్వపు గుర్తింపును గోరినపుడు, ఆ గాయమునకు ప్రమాణమేది యను ప్రశ్న పుట్టినది. ఆ ప్రశ్నను విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

పోరున మడిసినవానిని గౌరవించు పద్ధతి మన దేశమున మిక్కిలి ప్రాచీనము. ఆవులమందను మరలించుటలోగాని, ఊరిని గాచుటలోగాని ప్రాణము విడిచినవానికి వీరగల్లు నిలుపుట తెలుగు కన్నడ దేశములు రెంటను కానవచ్చు నాచారము. శిల పైభాగమున సూర్యచంద్రులు, క్రింద నాయుధపాణియైన వీరుడు, నడుమ వానిని స్వర్గమునకు గొనిపోవు దేవకాంతలు చెక్కబడియుందురు. వాని కుటుంబమునకు నెత్తురుమాన్యమను పేర భూమి నిచ్చుటయు గలదు. నదికావలి కారెంపూడిలో పలనాటి వీరులకు నేటికిని కార్తీక అమావాస్య మొదలు అయిదుదినములు ఆరాధన జరుగుచున్నది. ఈ గౌరవమునందు ఋజువు ప్రశ్నయే లేదు. వీరుని మరణమే ఋజువు, ఊరంతయు సాక్షి. కాని గాయపడి యింటికి వచ్చి ముప్పది నలువదియేండ్లు కుంటుచు బ్రతికినవానికి సామాన్యముగ శిలలేదు. గౌరవము మృతునివైపునకు మొగ్గుట మన సంప్రదాయమున నాటినుండియు నున్నదే.

ఈ భేదమునకు నల్లగొండ సీమలోనే స్పష్టమైన యుదాహరణము గలదు. 1946 జూలై 4వ తేదీన, నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండి గ్రామమున, విసునూరు దేశముఖు మనుష్యులు ఆంధ్రమహాసభ సంఘమువారి యూరేగింపుపై తుపాకులు కాల్చిరి. దొడ్డి కొమరయ్య అక్కడనే ప్రాణము విడిచెను. వాని యన్న మల్లయ్యకు కాలికి గుండు తగిలెను. కొమరయ్య పేరు తెలంగాణ సాయుధపోరాటమునకు నాందియై నిలిచినది. వాని వర్ధంతిని ప్రభుత్వమే జరుపుచున్నది. ఒకే దినమున, ఒకే వీధిలో, ఒకే తల్లి బిడ్డలు తుపాకి కెదురు నిలిచినను, చరిత్రగ్రంథములలో నన్నకు దక్కినది సామాన్యముగ నొక వాక్యము. తమ్మునికి దక్కిన కీర్తి యెక్కువయనుట గాదు. క్షతగాత్రుని చరిత్ర యెంత తేలికగా మరుగుపడునో చూపుటకే యీ ప్రస్తావన.

కడవెండి ఘటన తరువాత పోరాటము వ్యాపించెను. 1947 సెప్టెంబరు 11వ తేదీన రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీను ముగ్గురును సాయుధపోరాటమునకు పిలుపునిచ్చిరి. ఇంకొకవైపున హైదరాబాదు స్టేటు కాంగ్రెసువారు యూనియను ప్రాంతమున సరిహద్దు శిబిరములు నెలకొల్పి విలీనమునకై పోరాడిరి. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకారులు గ్రామములపై బడుచుండిరి. 1948 సెప్టెంబరు 13న యూనియను సైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగెను. అయినను కమ్యూనిస్టుల సాయుధపోరాటము 1951 అక్టోబరు 21వ తేదీవరకు నిలిచినది. ఈ పోరాటమున సుమారు 4,000 మంది మడిసిరని పుచ్చలపల్లి సుందరయ్య తన చరిత్రలో వ్రాసెను. మడిసినవారి నెన్నుటకైన నట్లు పూనిక జరిగినది గాని, గాయపడి మిగిలినవారి కట్టి గణనము దొరకుట యరుదు.

రాజసైన్యమున గాయపడిన సిపాయికి నాటి వైద్యుడు ఆనాడే చీటి వ్రాయును. వాని పేరు, దళము, గాయపు చోటు, దినము అన్నియు దాఖలా కెక్కును. పింఛను కోరునాటికి ఆ కాగితము వానికి ముందుగనే సిద్ధమై యుండును. దళములలో తిరిగినవాని స్థితి యిందుకు వ్యతిరేకము. వానికి మారుపేరు, ఒక యూరి నిదుర యింకొక యూర. గుండు తగిలినచో చేలలోనో, నమ్మిన యింటిలోనో చికిత్స. సరిహద్దు దాటి వైద్యము పొందినను నిజమైన పేరు చెప్పుట ప్రాణాపాయము. దాఖలా లేకుండుటయే వానికి రక్ష. ఇంతేకాదు: 1947 నాటి పిలుపులో పటేలు పట్వారీల లెక్కలను, అప్పుపత్రములను నాశము చేయుటయు నొక కార్యక్రమము. వెట్టికిని వడ్డీకిని ఆధారమైన దస్తావేజులు ఊరూర దగ్ధమయ్యెను. అట్లు కాగితముల పెత్తనమును కాల్చినవారినే, పావు శతాబ్దము గడచిన పిదప, కాగితము చూపుడని అడుగవలసివచ్చుట యీ చరిత్రలోని విచిత్రము.

స్వాతంత్ర్యమునకు 25 ఏండ్లు నిండిన సందర్భమున, 1972 ఆగస్టు 15 నుండి భారత ప్రభుత్వము స్వాతంత్ర్యసమరయోధులకు పింఛను పథకమును ప్రారంభించెను. మొదట సంవత్సరాదాయము 5,000 రూపాయలకు మించనివారికే యిది వర్తించెను. 1980 ఆగస్టు 1 నుండి ఆ పరిమితి తొలగింపబడి, ఇది సాయముగాక సమ్మానముగ నేర్పడినది. ఆరునెలల కారాగారవాసము (స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని మూడునెలలు), ఆరునెలలకు మించిన అజ్ఞాతవాసము, ఆస్తి జప్తు, ఉద్యోగనాశము మున్నగునవి అర్హతలు. కాల్పులలోగాని, లాఠీదెబ్బలచేతగాని శాశ్వతముగ నంగవైకల్యము పొందుటయు నందులో నొక యర్హత. అనగా వీరగల్లు చేయని పనిని ఈ పథకము చేయబూనినది: బ్రతికిన క్షతగాత్రునికిని రాజ్యపు గౌరవమున చోటు కల్పించెను.

అయితే అర్హతకును ఋజువునకును నడుమ గొప్ప యగాధము గలదు. ఖైదీకి కారాగారపు దాఖలా యుండును. అది దొరకనిచో సహఖైదీల ధ్రువపత్రము చెల్లును. అజ్ఞాతవాసికి, వాడు పరారీలో నున్నాడని న్యాయస్థానము చేసిన ప్రకటనగాని, వాని తలకు వెల గట్టిన యుత్తరువుగాని, నిర్బంధపు టాజ్ఞగాని కావలెను. అవి లేనిచో దీర్ఘకాలము కారాగారవాసము చేసిన ప్రముఖుడు తనకు తెలిసిన సంగతిని ధ్రువపరుపవలెను. వారంటు నాయకుని పేర వెలువడును గాని, వానికి దారిచూపిన పసులకాపరి పేరను, అన్నము మోసిన స్త్రీ పేరను వెలువడుట యరుదు. ఎంత చక్కగ దాగియున్న, అంత లేఖ్యము తక్కువ. ప్రముఖుల నెరిగినవానికి ధ్రువపత్రము సులభము; ఊరిలోనే యుండి గాయపడిన జీతగానికి దుర్లభము.

కాలనిర్ణయమున నింకొక చిక్కు గలదు. దరఖాస్తు తేదీ, నెల, సంవత్సరము నడుగును. ఈ సీమ కర్షకుడు నాటి సంగతులను తెలుగు సంవత్సరములతోను, పంటలతోను చెప్పును. నైజాము దాఖలాలు ఫసలీ లెక్కలో నుండును. సర్వధారి సంవత్సరము 1948 ఉగాదితో మొదలైనది. నిజాము లొంగినది ఆ యేటి భాద్రపదమున. కావున సర్వధారి శ్రావణమున తగిలిన గుండు నైజాము పాలననాటిది. సర్వధారి కార్తీకమున తగిలినది యూనియను పాలననాటిది. మొదటి గాయము విలీనపోరాటములోనిదై స్వాతంత్ర్యసమరపు టర్హత పొందును. రెండవదానికి ఆ గౌరవము దక్కుట కష్టము. మనిషి యొకడే, కాలు నొకటే. ఈ భేదము రాజ్యదృష్టిచే నిర్హేతుకము గాకపోవచ్చును. ఏ రాజ్యమును తనపై నెత్తిన యాయుధమును తేలికగ సమ్మానింపదు. కాని సంవత్సరము పేరు మాత్రమే గుర్తున్న వృద్ధునికి రెండు మాసముల యంతరము బ్రతుకుదెరువు ప్రశ్న యైనది. పంచాంగజ్ఞానము కేవలము తిథినిర్ణయమునకే గాదనుట కిది నిదర్శనము.

విలంబమును గూర్చిన వివాదము భారత సుప్రీంకోర్టువరకు పోయినది. 1938-39లో హైదరాబాదున ఆర్యసమాజము జరిపిన సత్యాగ్రహమున పాల్గొన్నవారు ముకుందలాల్ భండారీ మొదలగువారు వేసిన వ్యాజ్యమున, 1993లో న్యాయస్థానము ముఖ్యమైన తీర్పు నిచ్చినది. ఆలసించి వచ్చెనను కారణమున దరఖాస్తును త్రోసిపుచ్చరాదనియు, ఋజువులు తరువాత చేరినను దరఖాస్తు అందిన తేదీనుండియే పింఛను చెల్లింపవలెననియు దాని సారాంశము. ఫలమును గోరి పోరాడనివారు ఫలమును వెంటనే యడుగకుండుట సహజమేగదా. 2001లో గురుదయాళ్ సింగు వ్యాజ్యమున, ఇట్టి విషయములలో నేరవిచారణయందువలె నిస్సందేహమైన ఋజువును గోరరాదనియు, సంభావ్యతను బట్టి నిర్ణయింపవలెననియు అదే న్యాయస్థానము నిర్దేశించెను.

ఉదారత కొక హద్దును గలదు. పూర్వము హైదరాబాదు రాజ్యములోనిదైన బీడు జిల్లాలో, పోరాటమున లేనివారు కొందరు సమరయోధులమని పింఛను పొందిరన్న యారోపణము విచారణసంఘము వరకు పోయినది. 2005లో భావురావు దగ్డు పరాల్కరు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, మోసముచే పొందిన ఫలము నిలువదని స్పష్టపరచెను. ఒక కపటి పొందిన పింఛను ధననష్టము మాత్రమే గాదు. దానివలన అధికారి మనస్సున పుట్టు శంక తరువాత వచ్చు నిజమైన క్షతగాత్రునిపై బడును. కావున ఋజువు నడుగుట తప్పుగాదు. ఎట్టి ఋజువు నడుగవలెననుటయే విచార్యము.

ఇచట మన ధర్మశాస్త్రము మార్గము చూపుచున్నది. లిఖితము, భుక్తి, సాక్షులు అని యాజ్ఞవల్క్యుడు మూడు ప్రమాణములను జెప్పెను. ఇవి లేనిచోటనే దివ్యములు. విజ్ఞానేశ్వరుని మితాక్షరను బట్టి మూలఘటిక కేతన 13వ శతాబ్దమున తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించుటచే నీ విచారము తెలుగువారికి చిరపరిచితము. లిఖితము మూటిలో నొకటి మాత్రమే యనుట గమనింపదగును. పింఛను పథకము లిఖితమును ముందుంచి, అది లేనిచో సాక్షి నంగీకరించినది. భుక్తిని గూర్చి మాత్రము ఆలోచన సాగలేదు. భుక్తి యనగా ననుభవము. యజమాని చూచుచు నోరుమెదపనిచో ఇరువదియేండ్ల యనుభవముచే వానికి భూమివిషయమున హాని గలుగునని స్మృతి. క్షతమును నట్టిదే. ఒకడు ఫలాని దాడిలో గుండు తగిలి కుంటివాడయ్యెనని ఊరివారెల్లరు నెరిగి, అతనికి శత్రువులైన దొరపక్షమువారును కాదనక, రెండు తరములు గడచినచో, అది ప్రతిపక్షము సమ్మతించిన యనుభవము. తెలుగున భూమిని దున్నుకొనుటయు, బాధను పడుటయు ననుభవమను నొకే మాటచే చెప్పబడుట యూరక కలిగినది గాదు.

అయినను క్షతమొక్కటియే చాలదు. గుండు మచ్చను వైద్యుడు గుర్తింపగలడు. ఆ గుండు ఏ యేట, ఎవరిచే, ఎందులకు కాల్చబడెనో మచ్చ చెప్పదు. దానిని చెప్పవలసినవారు ఊరిసాక్షులు. రాజధానిలోని ప్రముఖుని ధ్రువపత్రమునకంటె, నాడు మంచము మోసిన నలుగురి మాట, ఆకుపసరు పూసిన ముసలిదాని మాట, వేర్వేరుగ నడిగి పోల్చిచూచినచో, బలవత్తరము. శాసనపరిశోధకుడు చెదరిన యక్షరములను పొరుగు శాసనములతో సరిచూచి పూరించు పద్ధతియు నిదియే. ఇట్లు విచారింప పూనుకొన్నచో సత్యవాదికి గౌరవము దక్కును, కపటియు బయటపడును. ఆలస్యముచే రెండును చెడినవి. సాక్షులు చనిపోయినకొలది నిజము చెప్పువాని పక్షము బలహీనమగును. అబద్ధమాడువాని నెదిరించువారును కరవగుదురు. కావున విలంబదోషము అర్జీదారునిది గాదు. సాక్షులు బ్రతికియుండగా నూరూర విచారింపనివారిది.

నేడు ఆ పోరాటమునందలివారు మిక్కిలి కొలదిమందియే మిగిలియున్నారు. దళనాయికగ ప్రసిద్ధిగన్న మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న పరమపదించెను. సెప్టెంబరు 17వ తేదీని కొందరు విలీనమనియు, కొందరు విమోచనమనియు, కొందరు సమైక్యతాదినమనియు వ్యవహరించుచున్నారు. పేరెట్లున్నను ఆనాటి గాయములు మారవు. స్త్రీశక్తి సంఘటనవారు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ యందు తెలంగాణ పోరాటమునందలి స్త్రీల మాటలను వారి నోటనే చెప్పించి ప్రకటించిరి. కాగితములు లేని యెందరి చరిత్రయో అందువలన నిలిచినది. పింఛనుకు కాలము మించినను చరిత్రకు మించలేదు. హుజూర్‌నగరు, కోదాడ, సూర్యాపేట సీమలలోని యుపాధ్యాయులు తమ యూరి క్షతగాత్రుల వృత్తాంతములను, గాయపు చోటు, తెలుగు సంవత్సరము, చూచిన సాక్షుల పేర్లతో కుటుంబములవారినడిగి వ్రాసియుంచినచో, మృతులకు శిలలున్నట్లు గాయపడి బ్రతికినవారికిని లేఖ్యమేర్పడును.