మూడు సెల్లుల గొట్టం కథ

క్యాంపులల్ల పాత టార్చిలైటు విప్పి లిథియం సెల్లు పెట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు. అసలు ఆ గొట్టం అంత లావు ఎందుకో, దానికో చరిత్ర ఉంది.

1899 జనవరి 10న అమెరికాలో డేవిడ్ మిసెల్‌కు చేతి టార్చి పేటెంటు వచ్చింది. అట్ట గొట్టంలో మూడు పెద్ద సెల్లులు, కొసకు బల్బు. ఆగకుండా వెలిగే బలం ఆ సెల్లులకు లేదు, కాసేపు మెరిపించి ఆపాలె. అందుకే ఇంగ్లీషులో ఫ్లాష్‌లైట్ అన్నరు. ఆ పేటెంటు తీసుకున్న కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీయే తర్వాత ఎవరెడీ అయ్యింది. మన ఊళ్లల్ల రాత్రి కరెంటుకు మోటరు పెట్టపోయిన రైతు చేతిల ఉన్నది ఆ వంశపు లైటే. సెల్లు దిగితే ఎండకు పెట్టి మళ్లీ వాడుకున్నం.

1991లో సోనీ లిథియం అయాన్ సెల్లును మార్కెట్లోకి తెచ్చింది. తర్వాత ల్యాప్‌టాపుల్లో వాడిన 18650 సెల్లు అందరి చేతికొచ్చింది. పేరులోనే కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. పాత పెద్ద సెల్లు లావు సుమారు 34. రెండు పక్కపక్కన పెడితే 36, పట్టవు. అందుకే కొందరు గొట్టాన్ని లేతు మిషన్ మీద లోపల తొలిపిస్తరు. మనోళ్లు ఒక్క సెల్లుకు ప్లాస్టిక్ పైపు తొడిగి సరిపెడతరు.

పాతవి మూడు కలిస్తే 4.5 వోల్టులు. లిథియం ఒక్కటే నిండితే 4.2. పొడవు మిగిలిందని రెండు వరుసగా పెడితే 8.4, పాత బల్బు మాడిపోతది.

ఇంకోటి. పాత సెల్లు చెడితే కారి గొట్టం పాడయ్యేది, అంతే. లిథియం షార్ట్ అయితే మంటే. ఒక్క రూముల ఎనిమిది మంది పండుకునే చోట కవరు చిరిగిన సెల్లు, రక్షణ బోర్డు లేని ప్యాకు పెట్టొద్దు. మంచం మీద చార్జింగ్ పెట్టి పండుకోవద్దు.