చిట్టి రోబోను మళ్లీ చూశాక



2010 అక్టోబరులో ‘రోబో’ విడుదలైనప్పుడు నేను రిటైరై రెండేళ్లయింది. ధవళేశ్వరం నుంచి బస్సెక్కి రాజమండ్రి వెళ్లి, మా శ్రీమతితో కలిసి చూశాను. తమిళంలో శంకర్ తీసిన ‘ఎందిరన్’కు అది తెలుగు అనువాదం. శాస్త్రవేత్తగానూ, అతడు తయారుచేసిన చిట్టి అనే మరమనిషిగానూ రజనీకాంతే నటించారు. ఆనాడు ఫైటింగులు చూసి వచ్చేశాం. మొన్న సంక్రాంతికి మనవడి పక్కన కూర్చుని మళ్లీ చూస్తే వేరే సంగతి తోచింది.

యంత్రం మనిషి మీద తిరగబడడం పాత ఊహే. ‘రోబో’ అనే మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంతో లోకానికి తెలిసింది. వెట్టిచాకిరీ అనే అర్థమున్న చెక్ పదం దానికి మూలం. ఆ నాటకంలోనే రోబోలు యజమానుల మీద తిరగబడ్డాయి. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో వ్యోమనౌకను చూసుకునే కంప్యూటరే అందులోని వారి ప్రాణాలు తీస్తుంది.

చిట్టి చెడిపోయింది ఎర్ర చిప్ పెట్టాకనే అనుకుంటాం. నాకు మాత్రం అంతకు ముందటి సన్నివేశమే మనసులో నిలిచింది. అగ్నిప్రమాదంలో స్నానాలగదిలో చిక్కుకున్న ఆడపిల్లను చిట్టి ఉన్నపళాన నలుగురిలోకి మోసుకొస్తుంది. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి వాహనం కిందపడి చనిపోతుంది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే పని రూలు ప్రకారమే జరిగింది. విచక్షణే లేదు.

ఆ ముక్క నాకూ అనుభవమైంది. 2014 నవంబరులో ‘జీవన్ ప్రమాణ్’ వచ్చి, బతికున్నట్టు వేలిముద్రతో రుజువు చేసుకునే వీలు కలిగింది. ఎందరికో తిరుగుడు తప్పింది, కాదనను. కాని వయసు మీదపడితే వేలి గీతలు అరిగిపోతాయి. ఒక ఏడాది నా వేళ్లు పదీ పెట్టినా మెషీన్ ఒప్పుకోలేదు. “తీసుకోవట్లేదండీ” అన్నాడు కుర్రవాడు, ఎదురుగా కూర్చున్న నాతోనే. ఆ నెల పెన్షన్ ఆగింది. మా ఆవిడ మందులు అరువు తెచ్చాను. మూడోసారి వెళ్లినప్పుడు ఒక అధికారి నా ముఖం చూసి, పాత పద్ధతిలో కాగితం మీద సంతకం చేశారు.

మన కాటన్ బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంకె గేజి చెబుతుంది. లంకల్లో ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని పడవెక్కించేది మాత్రం మనిషే.

వేలిముద్ర పడని సభ్యులు బెంగపడవద్దు. 2021 నుంచి ముఖం చూపి రుజువిచ్చే పద్ధతి కూడా ఉంది. ఒంటరిగా ఉన్నవారి వెంట మనలో ఒకరు తోడు వెళ్దాం. మెషీన్ కాదన్నప్పుడు, “ఈయన నాకు తెలుసు, బతికే ఉన్నారు” అని చెప్పడానికి పక్కన ఒక మనిషి ఉండాలి కదా.