గూడుబండికి సూర్యదీపము



మన దేశచరిత్రమును వ్రాసినవారు రాజులు గట్టించిన కోటలను, గుడులను గూర్చి విస్తరించి వ్రాసిరి. కదలుచు జీవించినవారి కాపురములను గూర్చి వ్రాసినది మిక్కిలి స్వల్పము. కోటకు శాసనము గలదు. గూడుబండికి శాసనము లేదు. అట్టి కదలు కాపురములకు దీపమెట్లు సమకూడెను, ఇకమీద నెట్లు సమకూర్చుకొనవలయును అను విషయమును నేడు మీకు విన్నవించెదను.

చక్రములపై నిల్లు గట్టుకొని సంవత్సరము పొడవునను అందే వసించువారు నేడు అమెరికా మొదలగు దేశములందు గలరు. మోటారుబండి వెనుక తగిలించి లాగుకొనిపోవు ఆ యింటిని వారు ట్రెయిలరందురు. మనకిది వింత కాదు. లంబాడీలు ఎద్దులపై ఉప్పును, ధాన్యమును వేసికొని ఆలుబిడ్డలతో దేశమెల్ల దిరిగినవారే. పదునేడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన టావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు పదివేలు, పండ్రెండువేలు ఎద్దులు గల వారి బిడారములను వర్ణించియున్నాడు. 1799 లో శ్రీరంగపట్టణమును ముట్టడించిన సేనలకు ధాన్యము చేరవేసినవారిలో వీరును గలరు. పిమ్మట రైలుబండ్లు, రోడ్లు వచ్చినకొలది ఎద్దుల బేరము సన్నగిల్లెను; బిడారములు తండాలై నిలిచెను. అయినను కదలు కాపురము మన సీమనుండి తొలగిపోలేదు. గొఱ్ఱెలమందలతో నెలలతరబడి పరజిల్లాలకు బోవువారును, కాలువపనులకు, కట్టడపు పనులకు వలసపోయి గుడారములలో నుండువారును పాలమూరి సీమయందు తరతరములుగా నున్నారు.

వీరి దీపము మొదట ఆముదపు ప్రమిద. తరువాత కిరసనాయిలు బుడ్డి, లాంతరు. విద్యుద్దీపము వచ్చినను అది తీగెతో వచ్చెను. తీగె స్తంభమును వీడదు, స్తంభము నేలను వీడదు. కావున నిలిచిన యింటికే అది చుట్టము.

ఇందొక విచారకరమైన విశేషము గలదు. శ్రీశైలపు ఆనకట్టకు 1963 లో శంకుస్థాపన జరిగెను. నేడు దాని రెండు గట్టులందును గల విద్యుత్కేంద్రముల శక్తి మొత్తము 1,670 మెగావాట్లు. ఆ విద్యుత్తు కొఱకును, సాగునీటి కొఱకును కృష్ణా తుంగభద్రల నడుమను, వాని గట్టులను గల సుమారు నూఱు గ్రామములు నీట మునిగెను. కూడవెల్లి సంగమేశ్వరుని ఆలయమును రాయిరాయిగా విప్పి మా ఆలంపురమునకు దెచ్చి మరల నిలిపిరి. దేవునికే ఇల్లు కదలవలసివచ్చిన చోట మానవుని మాట చెప్పనేల? వెలుగు కొఱకు నేల నిచ్చిన సీమలోనే, పొట్ట చేతబట్టుకొని తిరుగువారి గుడారమునకు ఆ వెలుగు అందకుండెను. నేను బడిపంతులుగా నున్న దినములలో వలసకుటుంబముల బిడ్డలు ఏటి నడుమ బడి విడిచి తల్లిదండ్రుల వెంట బోయెడివారు. పుస్తకము వెంట గొనిపోయినను రాత్రి దానిని దెఱచుటకు తగిన దీపము లేకుండెడిది. కావున నిది కేవలము యంత్రముల ముచ్చట కాదు.

తీగె లేని విద్యుత్తునకు మార్గమును జూపినవాడు సూర్యుడు. వెలుతురు సోకుటవలన విద్యుత్తు పుట్టునని 1839 లో బెకెరెల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1954 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ఇసుకనుండి తీయబడు సిలికాన్‌తో, తనపై బడిన కాంతిలో నూటికి ఆఱువంతులను విద్యుత్తుగా మార్చు బిళ్లను జేసిరి. నేటి సామాన్యమైన పలకలు ఇరువదివంతుల వఱకు మార్చుచున్నవి. 1958 లో ఆకాశమునకు బంపబడిన వాన్‌గార్డు అను చిన్న ఉపగ్రహమున రెండు ప్రసారయంత్రము లుండెను. ఒట్టి బ్యాటరీతో నడచినది ఆ యేడు జూన్ నాటికే మూగవోయెను. సూర్యుని నమ్మినది 1964 వఱకు పలికెను. కదలునట్టి యింటికి సూర్యుడే తగిన తోడని తేల్చిన తొలి నిదర్శన మిదియే. మన దేశమున సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థవారు 1977 లో తొలి సౌరబిళ్లను జేసిరి. నేడు తుంగభద్ర కావలి గట్టున, కర్నూలు ప్రక్కన గని, శకునాల గ్రామముల కడ 1,000 మెగావాట్ల సౌరక్షేత్రము వెలసినది. మా ఆలంపురపు నవబ్రహ్మాలయములలో నొకటి అర్కబ్రహ్మ పేరిట నున్నది. అర్కుడనగా సూర్యుడు. ఆ పేరు మనకు క్రొత్తది కాదు. ఆయనచేత దీపము వెలిగించుకొనుట మాత్రము క్రొత్తది.

ఇక ఏర్పాటు సంగతి. పెండ్లికి బియ్యము లెక్కించినట్లు దీనికిని ముందుగా ఖర్చును లెక్కింపవలయును. 9 వాట్ల దీపములు రెండు రాత్రి 5 గంటలు వెలిగిన 90 వాట్‌గంటలు. 30 వాట్ల పంకా 10 గంటలు తిరిగిన 300. రెండు ఫోనులకు, రేడియోకు 40. మొత్తము 430. మీ కరెంటు బిల్లులోని యూనిట్టు వేయి వాట్‌గంటలు గనుక ఇది అరయూనిట్టు కంటె తక్కువయే. తీగెలలోను, బ్యాటరీలోను పోవు నష్టమునకు నాలవవంతు కలుపగా ఇంచుమించు 540.

వానకారును దలచుకొని నిండుటెండ దినమునకు 4 గంటలే యని యెంచిన 135 వాట్ల పలక వలయును. కాని పలక వేడెక్కినకొలది శక్తి తగ్గును. 25 డిగ్రీలపై నొక్కొక్క డిగ్రీకి నూటికి సుమారు 0.4 వంతు పోవును. మన వేసవిలో పలక 65 డిగ్రీలకు కాగిన 16 వంతులు నష్టము. దుమ్ము దీనికి తోడు. కావున 200 వాట్ల పలక గొనుట మేలు. దానిని దక్షిణమునకు, సుమారు 16 డిగ్రీలు వాల్చి నిలుపవలయును.

రెండు దినములు మబ్బు పట్టినను ఇల్లు చీకటి గాకుండుటకు 1,080 వాట్‌గంటలు నిలువయుండవలయును. సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడిన త్వరగా చెడును. కావున 12 వోల్టులది 180 ఆంపియర్‌గంటలు కావలయును. లిథియమ్ ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ నూటికి ఎనుబదివంతులు వాడదగినది. 110 చాలును, బరువును చాల తక్కువ. వెల యెక్కువ; కాని బరువు లాగుబండికి ఈ భేదము గణింపదగినది. పలకకు, బ్యాటరీకి నడుమ కంట్రోలరును, బ్యాటరీకి చేరువనే ఫ్యూజును ఉండితీరవలయును. సీసపు బ్యాటరీనుండి మండునట్టి వాయువు వెలువడును గనుక పండుకొను తావున, గాలి లేని చోట దాని నుంచరాదు.

మఱియొక చిక్కు గలదు. మనుష్యుడు బండిని వేపచెట్టు నీడకు జేర్చును. పలక యెండను గోరును. పలకలో నొక మూల నీడ పడినను దాని శక్తి మిక్కిలి తగ్గును. కావున ఒక పలకను బండికప్పున బిగింపక విడిగా నుంచి, లావైన రాగితీగెతో ఎండలోనికి జాపుకొనుట యుక్తము. సన్నతీగె యైనచో శక్తి దారిలోనే హరించును.

ఈ లెక్క తెలియక కంటికి నచ్చిన పలకను, చౌకబ్యాటరీని గొన్నవాడు ఏడాదిలోపలనే మరల బుడ్డిదీపమునకు దిగును. అప్పు మాత్రము మిగులును. పెద్దలారా, మీ యూరినుండి మందలతోనో, పనులకో కదలబోవు కుటుంబమును పయనమునకు ముందు అరుగుపై గూర్చుండబెట్టి ఈ నాలుగు అంకెలను కాగితముపై వేయించుడు. కూడిక, గుణకారము వచ్చిన బిడ్డ ప్రతి యింట నున్నది. ఆ బిడ్డచేతనే వేయించుడు. రాత్రి ఆ దీపముకడ చదువవలసినదియు ఆ బిడ్డయే.